సీసం షెడ్డులో బెల్లం

తండా, ములకలపల్లి
12 జూన్ 1988

అక్కా,

నమస్కారం. ఉత్తరం రాయనని తిడతావు కాబట్టి ఈసారి ముందే మంచి కబురు చెప్పి నీ నోరు మూయిస్తాను. పాత బ్యాటరీల ఫ్యాక్టరీలో నన్ను సూపర్‌వైజర్‌ని చేశారు. నవ్వకు, నిజమే. మొన్నటిదాకా లారీ మీది నుంచి బ్యాటరీలు దించినవాణ్ణి, ఇప్పుడు మెడలో ఈల వేసుకుని తిరుగుతున్నాను. తండా పిల్లలు నేను కనబడితే చాలు, నోట్లో వేళ్లు పెట్టుకుని ఈలలు వేస్తున్నారు.

నువ్వు పోయినసారి వచ్చినప్పటికి షెడ్డు ఇంకా లేవలేదు. విజయవాడ నుంచీ హైదరాబాద్ నుంచీ పాడైపోయిన లారీ బ్యాటరీలు ఇక్కడికి వస్తాయి. మనవాళ్లు గొడ్డలితో పగలగొట్టి యాసిడ్ పారబోస్తారు. లోపలి పలకలు ఆడవాళ్లు ఏరి కుప్ప వేస్తారు. వాటిని బట్టీలో కరిగించి దిమ్మలు పోస్తే ఆ సీసం మళ్లీ కొత్త బ్యాటరీలకే పోతుంది. దీనికి అడవి పక్కనైతే అడిగేవాడు ఉండడని లారీ డ్రైవర్లు అంటుంటారుగానీ, మా ఓనర్ వెంకటరామారావు గారు అలాంటి మనిషి కాదు. సత్తుపల్లి వైపు పొగాకు రైతు. సేఫ్టీ అంటే ఆయనకు పట్టింపు. గోడ మీద ఎర్ర రంగుతో ‘మీ క్షేమమే మా లాభం’ అని రాయించారు. చేతులకు రబ్బరు తొడుగులు కొన్నారు, ముక్కుకు గుడ్డలు కొన్నారు. బట్టీ వేడికి అవి ఎవరూ పెట్టుకోరు, అది వేరే సంగతి.

అన్నిటికన్నా బెల్లం ముఖ్యం. దుమ్ములో పనిచేసేవాళ్లకు బెల్లం పెడితే గొంతులోని దుమ్మంతా దిగిపోతుందట. రోజూ మనిషికో ముక్క ఇచ్చేవారు. మనవాళ్లు కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లు. పోయిన నెల ఆబ్కారీవాళ్లు తండా మీద పడి గుడుంబా కుండలు పగలగొట్టారు. బెల్లం ఎక్కడిదంటే ఎవడో తెలివిమాలినవాడు ఫ్యాక్టరీ పేరు చెప్పాడు. ఓనర్‌కు ఒళ్లు మండిపోయింది. “ప్రాణం నిలబడుతుందని నేనిస్తుంటే మీవాళ్లు సారా కాస్తున్నారటోయ్? రేపట్నుంచి బెల్లం లేదు, గిల్లం లేదు పొమ్మను” అన్నారు.

అప్పుడు నేను ముందుకు వెళ్లి చెప్పాను. “బంద్ చెయ్యకుండ్రి సార్. నా చేత్తో ఇస్త, నా ముందర్నే తింటరు. ఒక్క ముక్క గేటు దాటితే నన్నడుగుండ్రి” అన్నాను. అంత ధైర్యం ఎక్కడిదో నీకు తెలుసు. సంబంధం కుదిరినా, తగువు తెగినా తండా పెద్ద నాయక్ ముందు బెల్లం తింటాం. తిన్నామంటే మాట ఇచ్చినట్టే. మనవాడు చేతిలో పెట్టిన బెల్లాన్ని వద్దనేవాడు మన తండాలో లేడు. ఓనర్‌కు ఈ మర్యాద తెలియదు. నా భుజం తట్టి ఈల నా మెడలో వేశారు.

ఇప్పుడు పని దిగే వేళ ఈల ఊదగానే అందరూ బట్టీ పక్కన వరసగా నిలబడతారు. గేటు మూసే ఉంటుంది. కాపలా భీమయ్య అక్కడే ఉంటాడు. నేను చేతిలో పెడతాను, నోట్లో వేసుకుని చప్పరించి, నోరు తెరిచి చూపించి బయటికి పోతారు. బడిలో మనకు పంతులు మాత్రలు మింగించినట్టే ఉంటుంది.

అసలు కబురు చివరికి దాచాను. నీ మరదలు సక్రి నీళ్లోసుకుంది. ఇప్పుడు నాలుగో నెల. ఇన్నేళ్లూ మందులన్నావు, మొక్కులన్నాం, చివరికి దేవత కన్ను తెరిచింది. నానమ్మ కాబోతున్నానని యాడి అప్పుడే సీత్లా భవానికి మేకను మొక్కింది. సక్రి మొహం మాత్రం పాలిపోయి ఉంది, లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటోంది. మంచి మందులు చూసి పంపు.

నీ తమ్ముడు
మంగీలాల్


ఖమ్మం, నర్సుల క్వార్టర్స్
26 జూన్ 1988

తమ్ముడూ,

సూపర్‌వైజర్ గారికి దండాలు. యాడి కొడుకు పెద్దవాడైతే చూడాలని ఎన్ని మొక్కులు మొక్కిందో, తీరా చూస్తే బెల్లం పంచే ఉద్యోగం వచ్చింది. గుళ్లో పూజారి కూడా అదే చేస్తాడులే, ఏం తక్కువ.

సక్రి సంగతి చదివి ఆ రోజంతా డ్యూటీలో నవ్వుతూనే ఉన్నాను. వార్డులో ముసలమ్మ ఒకామె “ఏం బిడ్డా, జీతం పెరిగిందా ఏంది?” అని అడిగింది. మేనత్తను కాబోతున్నానని చెప్పాను.

రక్తం తక్కువైతే కళ్లు అలాగే తిరుగుతాయి. ఈ ఉత్తరంతోపాటు పాల్వంచ బస్సు కండక్టర్ చేతికి ఇనుము మాత్రలు ఇచ్చి పంపుతున్నాను. కడుపులో తిప్పుతుందని మానేస్తుంది, మాననివ్వకు. ఆకుకూర పెట్టమను. మీ దగ్గర బెల్లానికి కరువు లేదుకదా, బెల్లం రక్తానికి మంచిదే, తనకు ఇంట్లో మిగతావాళ్లకన్నా ఇంత ఎక్కువ పెట్టు. యాడి ఎక్కువ తింటే పిల్ల పెద్దదై కాన్పు కష్టమని ముసలి మాటలు చెప్తుంది, వినకు.

ఒక్కటి అడుగుతాను, తిన్నగా చెప్పు. సక్రి ఆ ఫ్యాక్టరీకి పనికి పోవడం లేదు కదా? ఆ పొగ దగ్గర కడుపుతో ఉన్న మనిషి ఉండకూడదు. ఇంటి దగ్గర మేకలు చూసుకుంటే చాలు.

కాన్పుకు ఇక్కడికే తీసుకురా. నా చేతుల మీద ఎంతమంది పిల్లలు పుట్టారో, మన ఇంటి పిల్ల కూడా నా చేతుల్లోనే పడాలి. మీ బావ డోర్నకల్ డ్యూటీ నుంచి వచ్చినప్పుడు చెప్తే, ఊయలకు తాడు తనే కొంటానన్నాడు.

మీ అక్క
కమ్లి


తండా, ములకలపల్లి
14 ఆగస్టు 1988

అక్కా,

మందులు అందాయి. సక్రి మొహం చిట్లిస్తూ మింగుతోంది. ఆరో నెల వచ్చింది. పొట్ట మీద చెయ్యి పెడితే లోపలి నుంచి తన్నుతోంది, అక్కా. నేను చెయ్యి తీసేస్తే ఊరుకుంటుంది, పెడితే తన్నుతుంది. నా సూపర్‌వైజర్ పెత్తనం దానికి అప్పుడే నచ్చినట్టు లేదు.

మొన్న హైదరాబాద్ నుంచి సేఫ్టీ చూడటానికి పెద్దాఫీసరు వచ్చాడు. ఆ రోజు పెట్టెల్లోంచి కొత్త తొడుగులు తీసి అందరికీ వేశాం. సోమ్లి అత్తకు చేతికి పట్టక వేళ్లు సగంలోనే ఆగిపోయాయి. ఆ చేతులతో దండం పెడితే ఆఫీసరు కూడా నవ్వాడు. బట్టీ దగ్గర నిలబడలేక జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు. బెల్లం సంగతి ఓనర్ చెప్తే చాలా మెచ్చుకున్నాడు. కారు కనుమరుగు కాగానే తొడుగులు విప్పించి పెట్టెల్లో పెట్టేశాం, మళ్లీ వస్తారు కదా.

నువ్వు చెప్పినట్టే సక్రికి పెద్ద ముక్క పెడుతున్నాను. నిన్న వరసలో సోమ్లి అత్త ఊరుకోలేదు. “పెండ్లానికి పెద్ద ముక్క, మాకు ఎలుక కొరికిన ముక్కనా మంగ్యా? కడుపు ఆమెకొక్కదానికే ఉందా ఏంది?” అని అందరిలో అనేసింది. సక్రి సిగ్గుపడి కొంగు మొహానికి అడ్డం లాక్కుంది.

రాసేశాను. కొట్టేస్తే కాగితం పాడవుతుందని వదిలేస్తున్నాను. అవును, సక్రి పనికి వస్తోంది. తిట్టకు. ఆమె గొడ్డలి పట్టదు, బట్టీ దగ్గరికి రాదు, కూర్చుని పలకలు ఏరుతుంది, అంతే. ఇంట్లో ఒక్కతీ ఉంటే దిగులంటుంది, అక్కడ తోటివాళ్లుంటారు. నా కళ్ల ముందే ఉంటుంది, ఇంతకంటే భద్రం ఏముంది?

నీళ్లకే కొంచెం ఇబ్బందిగా ఉంది. షెడ్డులో తొట్టి ఉందిగానీ మోటారు కాలిపోయింది. చేతులు కడుక్కోవాలంటే గేటు బయట వాగు దగ్గరికి పోవాలి. బెల్లం తినకుండా గేటు దాటకూడదు కాబట్టి తిన్నాకే అందరూ వాగుకు పోయి కడుక్కుంటారు.

బట్టీ దగ్గరుండే ధన్‌సింగ్ కాకాకు కుడిచెయ్యి సరిగా లేవడం లేదు. కడుపునొప్పి అని రోజూ మెలికలు తిరుగుతున్నాడు. కల్లు ఎక్కువై ఉంటుందని ఆటపట్టిస్తున్నాం. పాపం, బెల్లం మాత్రం ఒక్కరోజు మానడు. నీ దగ్గరికి పొమ్మని చెప్పాను, వస్తే చూడు.

మంగీలాల్


ఖమ్మం
11 సెప్టెంబరు 1988

మంగీలాల్,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. చదివాక వెంటనే సక్రిని ఇంటికి తీసుకుపో.

ధన్‌సింగ్ కాకా వచ్చాడు. చెయ్యి మణికట్టు దగ్గర నుంచి వేలాడుతోంది. మంచినీళ్లు ఇస్తే గ్లాసు పట్టుకోలేక కింద పడేసుకుని, నేను కోప్పడతానేమోనని నా మొహంలోకి చూశాడు. నాకు ఏడుపొచ్చింది. మా పెద్ద డాక్టరు గారు నోరు తెరవమని, పెదవి పైకెత్తి చిగుళ్లు చూశారు. పళ్ల వెంబడి నల్లటి గీత ఉంది. ఏం పని చేస్తావని అడిగారు. చెప్పగానే, ఇది కల్లు కాదు, సీసం అన్నారు. సీసం ఒంట్లోకి పోతే ముందు కడుపు మెలిపెడుతుంది, తర్వాత నరాలు చచ్చిపోతాయట. పొగలోనూ పోతుంది, అంతకన్నా ఎక్కువ నోట్లోంచి పోతుంది.

నేను కాకాను అడిగాను. సేఫ్టీ ఏం పాటించలేదా, మూతికి గుడ్డ కట్టుకోలేదా అన్నాను. “గుడ్డ కట్టలే బాయీ, గని బెల్లం మాత్రం రోజు తిన్న. మంగ్యా పెడ్తడు, ఒక్కరోజు గూడ ఇడ్వలే” అన్నాడు. కడుక్కున్న చేతుల్తోనే తిన్నావా అంటే, “నీళ్లేడియి? గా చేతుల్తోనే తిన్న” అన్నాడు.

నీ ఉత్తరం అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు అంత వివరంగా రాశావు, నేను చదివి పక్కన పెట్టేశాను. రోజంతా సీసం పట్టుకున్న చేతిలో నువ్వు బెల్లం పెడుతున్నావు. అది జిగురుగా ఉంటుంది, వేళ్లకున్న మసి అంతా దానికి అంటుతుంది. వాళ్లు చప్పరిస్తున్నారు, నువ్వు నోరు తెరిపించి చూస్తున్నావు. ఇంటికి తీసుకుపోయినప్పుడైనా దారిలో వాగులో చేతులు కడుక్కుని తినేవాళ్లు. ఇప్పుడు ఆ దారి కూడా మూసేశావు.

సక్రికి ఎక్కువ పెట్టమని రాసింది నేను. ఆమె పనికి పోతోందని నువ్వు రాశాక కూడా ఈ రెండూ కలిపి చూసుకోలేదు. పొగ దగ్గర లేదుకదా అని ఊరుకున్నాను. నర్సు ఉద్యోగం చేస్తున్నానని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది.

బెల్లం రేపటి నుంచి షెడ్డులో పెట్టకు. సబ్బుతో చేతులు కడిగితేనే ఎవరైనా ఏదైనా నోట్లో పెట్టుకోవాలి. సక్రిని బస్సెక్కించి ఇక్కడికి పంపు. ఎందుకో ఆమెకు సరిగా చెప్పు, దాచకు.

కమ్లి


తండా
18 సెప్టెంబరు 1988

అక్కకు,

నీ ఉత్తరం చదివాను. భయమేసింది, అబద్ధం ఎందుకు. మళ్లీ ఆలోచించాను. అదే బెల్లం సోమ్లి అత్త కూడా తింటోంది, ఆమె గొడ్డలి ఎత్తితే మగవాళ్లు పక్కకు జరుగుతున్నారు. భీమయ్య అప్పుడప్పుడు ఓ ముక్క నోట్లో వేసుకుంటాడు, వాడికేం కాలేదు. నేనూ తింటున్నాను. ధన్‌సింగ్ కాకా తాగుతాడన్నది నువ్వు కాదంటావా?

ఓనర్ గారిని అడిగాను. “నర్సులకేం తెలుసోయ్, వాళ్లు భయపెట్టడానికే ఉన్నారు. పల్లెటూళ్లో ఏ మిల్లులో బెల్లం పెట్టరో చెప్పు” అన్నారు. మోటారు గురించి అడిగితే, బాగుచేసేవాడు కొత్తగూడెం నుంచి రావాలి, వచ్చే నెల చూద్దామన్నారు.

బెల్లం ఒక్కసారిగా ఆపితే నేనే మింగేశానంటారు. నాయక్ దాకా పోతుంది. కొంచెం సమయం ఇవ్వు, మెల్లగా సర్దుతాను.

సక్రికి అప్పుడప్పుడు కడుపు పట్టేస్తోంది. ఏడో నెలలో ఇది మామూలే అని యాడి అంటోంది. లారీల లోడు వరసగా వస్తోంది, ఇప్పుడు నేను కదలలేను. దసరా వెళ్లాక తనను నేనే తీసుకొస్తాను. ఆమెకు ఏమీ చెప్పలేదు. కడుపుతో ఉన్న మనిషిని భయపెట్టడం దేనికి?

మంగీలాల్


ఖమ్మం
23 సెప్టెంబరు 1988

మంగీలాల్,

డాక్టరు గారిని అడిగాను. తల్లి ఒంట్లోకి పోయిన సీసం కడుపులోని పిల్లకూ పోతుందన్నారు. ఇక నేను రాయాల్సింది ఏమీ లేదు.

దసరా అనకు, లోడు అనకు. ఈ ఉత్తరం అందిన రోజే సక్రిని బస్సెక్కించు. ఆమె ఒక్కతీ రాగలదు, ఖమ్మం బస్టాండులో నేనుంటాను. నాకు సెలవు ఇవ్వడం లేదు. ఇస్తే ఈపాటికి నీ గేటు ముందు ఉండేదాన్ని.

నీకు భయం సక్రి గురించి కాదు, నీ పేరు గురించి. చిన్నప్పటి నుంచీ నీకు పదిమందిలో మెప్పు కావాలి.

కమ్లి


తండా
9 అక్టోబరు 1988

అక్కా,

పిల్ల పోయింది. ఆడపిల్ల. ఏడుపు లేకుండానే పుట్టింది. సోమ్లి అత్తే కాన్పు చేసింది, వీపు మీద చరిచింది, నోట్లో ఊదింది. కాళ్లు పట్టుకుని తలకిందులు చేసినా కదల్లేదు. యాడి పాత రుమాలులో చుట్టి తీసుకెళ్లింది. నన్ను రానివ్వలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. సీసం పిల్లకూ పోతుందని నువ్వు రాసింది చదివాక ఇక బెల్లం పెట్టకూడదనుకున్నాను. మర్నాడు ఈల ఊదాను, వరస కట్టారు, నేను బెల్లం డబ్బా తియ్యలేదు. సోమ్లి అత్త అడిగింది.

“బెల్లం ఏడ పెట్టినవ్ మంగ్యా?”

“తినకుండ్రి అత్తా. గా చేతుల్తోని తింటే ఇషమైతది. ధన్‌సింగ్ కాకాకు గదే అయింది.”

“ఇన్నొద్దులు నువ్వే పెట్టినవ్ గదా. గప్పుడు గాని ఇషం ఇప్పుడెట్ల అయింది?”

వెనక నుంచి ఎవరో మంగ్యా బెల్లం అమ్ముకుంటున్నాడని అన్నారు. ఇంకెవరో గుడుంబాకు పంపుతున్నాడని అన్నారు. మొత్తం వరస ఓనర్ గది మీదికి పోయింది. బెల్లం కోసం అక్కా, బెల్లం కావాలని మనవాళ్లు గొడవ చేశారు. ఇన్నాళ్లలో జీతం కోసం కూడా అంత గట్టిగా అరవలేదు. ఓనర్ గారు బయటికి వచ్చి అందరి ముందూ నా మెడలో ఈల తీసుకున్నారు. “నేను పెట్టేదాన్ని ఆపడానికి నువ్వెవడివోయ్?” అని, డబ్బా భీమయ్యకిచ్చి ఆ రోజు పెద్ద ముక్కలు పెట్టమన్నారు.

సక్రి వరసలోనే ఉంది. నేను తల అడ్డంగా ఊపాను, తినొద్దని. ఆమె నన్ను చూసింది. అందరూ తన మొగుణ్ణి దొంగ అంటుంటే ఆమె మొహం ఎలా ఉందో నేను చెప్పలేను. మా ఇంటివాళ్లు కూడా అందరితోపాటే తింటారు, మాకు దాపరికం లేదని చూపించాలనుకుందో ఏమో, భీమయ్య పెట్టింది నోట్లో వేసుకుని, నోరు తెరిచి చూపించింది. అది కడుపులోని పిల్లకూ పోతుందని నేను ఆమెకు ముందే చెప్పి ఉంటే తినేది కాదు.

ఆ వారమే బస్సెక్కిద్దామనుకున్నాను. వానలకు పాల్వంచ దారి తెగింది. దారి బాగయ్యేలోపు నొప్పులు వచ్చాయి.

మేకను ఆలస్యం చేశామని సీత్లా తల్లి పిల్లను తీసుకుపోయిందని యాడి అంటోంది. సక్రి గోడవైపు తిరిగి పడుకుని వింటోంది. తన ఒళ్లే మంచిది కాదని, పిల్లను మొయ్యలేకపోయానని అంటోంది. నేను పక్కనే కూర్చుని ఏమీ అనలేదు. అనలేకపోతున్నాను.

మంగీలాల్


ఖమ్మం
16 అక్టోబరు 1988

తమ్ముడూ,

నీ మీద కోపంతో పోయిన ఉత్తరంలో రాసిన మాటలు వెనక్కి తీసుకోను. అలాగని నిన్ను వదిలేయను. నీ తప్పులో సగం నాది.

ధన్‌సింగ్ కాకాను ఇంటికి పంపేశారు. నొప్పి తగ్గింది, చెయ్యి మాత్రం ఇక రాదన్నారు. డాక్టరు గారు పై ఆఫీసుకు రాస్తానన్నారు.

ఈ కింద రాసింది నీకు కాదు. సక్రిని కూర్చోబెట్టి చదివి వినిపించు. ఒక్క మాట కూడా దాటెయ్యకు. దాటేస్తే ఆ మనిషి బతికినన్నాళ్లూ తనను తానే తిట్టుకుంటూ బతుకుతుంది. సంక్రాంతి లోపు నేనే వచ్చి ఆమెను అడుగుతాను.

సక్రీ, నేను మీ వదినను. నీ పిల్లను ఏ దేవతా తీసుకుపోలేదు. మేక ఆలస్యమైనందుకు కాదు, నీ ఒంట్లో లోపం ఉండీ కాదు. మీరు ఏరే పలకల్లోని సీసం చేతికంటి, కడుక్కోకుండా తిన్న బెల్లంతోపాటు నీ లోపలికి పోయింది. అదే పిల్లకు చేరింది. అందరినీ షెడ్డులోనే తినేలా చేసింది నీ మొగుడు. నీకు ఎక్కువ పెట్టమని రాసింది నేను. వాడికి సెప్టెంబరులోనే తెలుసు, నేనే రాశాను. నీకు చెప్పలేదు. నువ్వు మమ్మల్ని ఏమైనా అను. నిన్ను మాత్రం అనుకోకు.

కమ్లి


తండా
4 డిసెంబరు 1988

అక్కా,

ఇన్నాళ్లూ రాయలేదు. నీ ఉత్తరం చాలా రోజులు గుడిసె కప్పులో దోపి ఉంచాను. ‘వాడికి సెప్టెంబరులోనే తెలుసు’ అన్న మాట వదిలేసి చదవచ్చని ఆలోచించాను. సక్రికి చదువు రాదు, నువ్వు వచ్చి అడిగినప్పుడు చూసుకోవచ్చనుకున్నాను. ఒకరోజు ఆమె మళ్లీ పనికి పోతానని కొంగు బిగించింది. నాకు పని లేదు, ఇల్లు గడవాలి కదా. అప్పుడు కూర్చోబెట్టి చదివాను. అంతా చదివాను.

ఆమె ఏడవలేదు. మళ్లీ చదవమంది. రెండోసారి చదివాక, “నీకు ఎర్కనేనా?” అని అడిగింది.

“అవ్” అన్నాను.

“నేను తింటుంటే చూసినవా?”

“అవ్.”

తర్వాత లేచి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయింది. నేను వెనకే పోయాను. పని దిగే వేళ, ఆడవాళ్లందరూ లోపల వరసలో ఉన్నారు. కంచె బయట నుంచే సోమ్లి అత్తను పిలిచి చెప్పింది. పోయిన పిల్ల మాట పదిమందిలో ఎత్తకూడదంటారు మనలో. ఆమె అందరికీ వినబడేలా చెప్పింది. నీకెవరు చెప్పారని సోమ్లి అత్త అడిగితే, “నా మొగడే సదివిండు. వాని తప్పు వాడే సదివిండు. గింకేం గావాలె మీకు?” అంది. సోమ్లి అత్త చేతిలోని బెల్లం కింద పడేసింది. ఆ చేతులతోనే పిల్లను పట్టుకున్నానని కూలబడి ఏడ్చింది. మర్నాటి నుంచి తండావాళ్లు ఎవరూ పనిలోకి పోలేదు. నీళ్లు వచ్చేదాకా రామని నాయక్ వెళ్లి చెప్పి వచ్చాడు.

ఓనర్ గారు మోటారు బాగుచేయించలేదు. గోదావరి అవతలి అడవి నుంచి లారీలో వేరే కూలీలను దింపారు. వాళ్లకు మన భాష రాదు, తెలుగూ రాదు. షెడ్డులోనే ఉంటారు, అక్కడే వండుకుంటారు. మీ డాక్టరు గారు రాసిన కాగితానికి ఎవరో వచ్చి చూశారట. కొత్తవాళ్లు కొత్త తొడుగులతో కనిపించారు, అంతా బాగుందని రాసుకుని పోయారు. భీమయ్య డబ్బా పట్టుకుని రోజూ పెడుతున్నాడు. వాళ్లు కొత్త చోటు అన్నం కదా అని, దండం పెట్టి మరీ తీసుకుంటున్నారు.

సక్రి రోజూ ఆ వేళకు వాగులో బిందె ముంచుకుని కంచె దగ్గర నిలబడుతోంది. చేతులు రుద్దుకుని చూపిస్తుంది, నోరు చూపిస్తుంది, వద్దని తల ఊపుతుంది. పిచ్చిదనుకుని వాళ్లు మొదట్లో నవ్వేవాళ్లు. ఇప్పుడు కంచె పక్కన పలకలు ఏరే ఒకామె, ఆమె కూడా కడుపుతో ఉంది, తీగల సందులోంచి చేతులు బయటికి పెడుతోంది. సక్రి నీళ్లు పోస్తుంది. మిగతావాళ్లు ఇంకా రావడం లేదు. భీమయ్య చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు, ఎన్నాళ్లు ఊరుకుంటాడో తెలియదు.

ఒక్క బిందె చాలడం లేదని నేను రెండోది మోసుకెళ్తున్నాను. పోవద్దని ఆమె అనలేదు. మొదటి రోజు బిందె దించి అందించబోతే చెయ్యి చాచలేదు. “నేల మీద పెట్టు, నేను తీస్కుంట” అంది. ఇంట్లో కూడా అంతే. నేను అందించిన మంచినీళ్ల చెంబు ఆమె తీసుకోవడం లేదు. కింద పెట్టి పక్కకు జరిగితే అప్పుడు వచ్చి తీసుకుంటోంది.

మంగీలాల్